మైక్రోకంట్రోలర్ నేర్పేటప్పుడు ముందు ఫ్లోచార్ట్ గీయించాలా, నేరుగా బోర్డు చేతికివ్వాలా?

ఆదివారం_క్లాస్ (కరీంనగర్)

మా వీధిలో తొమ్మిది, పదో తరగతి చదివే ఎనిమిది మంది పిల్లలకి ఆదివారం పూట ఆర్డునో (మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం లైట్లు, మోటార్లు నడిపే చిన్న చిప్ బోర్డు) నేర్పుతున్నాను. అందులో ఊనో రకం బోర్డులు నాలుగున్నాయి, ఇద్దరికి ఒకటి. నాతో పాటు చెప్పే స్నేహితుడికీ నాకూ ఒక్క విషయంలో కుదరడం లేదు. మొదటి మూడు వారాలు బోర్డు ముట్టుకోనివ్వకూడదు, కాగితం మీద ఫ్లోచార్ట్ (పెట్టెలు, బాణాలతో ప్రోగ్రాం బొమ్మ), సూడోకోడ్ (ప్రోగ్రాంని మామూలు వాక్యాల్లో రాయడం) మాత్రమే అంటాడు తను. మొదటి రోజే 13వ పిన్ మీద ఎల్ఈడీ వెలగకపోతే రెండో వారానికి సగం మంది రారని నా భయం.

పోయిన వారం తన పద్ధతిలోనే చేశాం. స్విచ్ నొక్కితే లైటు వెలగాలి, మళ్లీ నొక్కితే ఆరిపోవాలి. పిల్లలంతా డైమండ్ (ప్రశ్న రాసే పెట్టె) గీసి ‘స్విచ్ నొక్కారా?’ అని రాశారు, ‘అవును’ వైపు పెట్టెలో ‘లైటు మార్చు’ అని రాసి బాణం తిప్పి పైకి కలిపారు. నాకూ తప్పేమీ కనబడలేదు. బోర్డులోకి ఎక్కిస్తే మాత్రం ఒకసారి నొక్కితే వెలుగుతుంది, ఇంకోసారి నొక్కితే అలాగే ఉండిపోతుంది, దేనికీ లెక్క లేదు. కాగితం మీద సరిగ్గా ఉన్నది బోర్డు మీద ఎందుకు పని చేయలేదని ఒక పాప అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ ఆదివారం లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి, మీ అనుభవం చెప్పండి.

ఫర్మ్‌వేర్_తమ్ముడు

అన్నా, బోర్డు ఇచ్చేయండి. నేను డిప్లొమా ఈసీఈ. మూడేళ్లు ల్యాబ్ రికార్డులో ఫ్లోచార్టులు గీశాను, అందులో ఒక్కటి కూడా ప్రోగ్రాం కంటే ముందు గీసింది కాదు. ప్రోగ్రాం సీనియర్ రికార్డులోంచి వచ్చేది, అవుట్‌పుట్ వచ్చాక సబ్మిషన్ ముందు రోజు రాత్రి స్కేలు, పెన్సిల్ పట్టుకుని పెట్టెలు గీసేవాళ్లం. నాకు ఆలోచించడం వచ్చింది మాత్రం కోడ్ రాసి, అది పని చేయక, ఎందుకు చేయలేదో తెల్లవార్లూ వెతికినప్పుడే.

మా బాబాయి కొడుకు సంగతి చెప్తాను. వాడి ఫ్లోచార్ట్‌లో ‘ఒక నిమిషం ఆగు’ అని ఒక పెట్టె. తప్పు పట్టడానికి ఏముంది? దాన్ని కోడ్‌లో డిలే (ఇన్ని మిల్లీసెకన్లు ఆగమనే ఆజ్ఞ) లోపల 60 * 1000 అని రాశాడు. ఊనోలో ఇంట్ (మామూలు పూర్ణ సంఖ్య) అంటే 16 బిట్లు, 32767 దాటితే పట్టదు. 60000 కాస్తా మైనస్ 5536 అయింది, డిలే దాన్ని మైనస్ లేని 32 బిట్ల సంఖ్యగా తీసుకునేసరికి దాదాపు 429 కోట్ల మిల్లీసెకన్లు అయింది. అంటే ఒక నిమిషం ఆగాల్సిన బోర్డు 49 రోజులు ఆగుతుంది. బోర్డు చచ్చిపోయిందనుకుని ఇంకోటి కొన్నాడు పాపం. 60 పక్కన యూఎల్ (మైనస్ లేని పెద్ద సంఖ్య అని చెప్పే గుర్తు) అని రెండు అక్షరాలు పెడితే సరిపోయేది. ఏ ఫ్లోచార్ట్ దీన్ని చూపిస్తుంది చెప్పండి?

ఇది ఈనాటి మాట కూడా కాదు. 1977లోనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ షనైడర్‌మన్ బృందం విద్యార్థుల మీద వరసగా ప్రయోగాలు చేసి, ప్రోగ్రాం రాయడంలో గానీ అర్థం చేసుకోవడంలో గానీ తప్పులు వెతకడంలో గానీ వివరమైన ఫ్లోచార్టుల వల్ల లాభం కనబడలేదని రాసింది.

రిటైర్డ్_లెక్చరర్

తమ్ముడూ, రికార్డు గురించి నువ్వన్నది నిజం. పాలిటెక్నిక్‌లో పాతికేళ్లు పాఠం చెప్పినవాడిగా ఒప్పుకుంటున్నాను, ఆ తప్పులో మా వాటా ఉంది. ప్రోగ్రాం అయ్యాక గీసిన ఫ్లోచార్ట్‌కి మార్కులేశాం, ముందు గీసి కొట్టివేతలతో తెచ్చినవాడిని ‘నీట్‌గా రాయి’ అని వెనక్కి పంపాం. కానీ అది ఫ్లోచార్ట్ తప్పెలా అవుతుంది?

మా రోజుల్లో అరవై మందికి ఐదు 8051 (పాతతరం మైక్రోకంట్రోలర్) కిట్లు. హెక్స్ కీప్యాడ్ మీద ఒక్కో బైటు కొట్టాలి. తప్పు కొడితే మళ్లీ నీ వంతు వచ్చేసరికి గంట. అందుకని కాగితం మీదే ప్రోగ్రాంని నడిపించేవాళ్లం. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే ఒక మెషిన్ సైకిల్ ఒక మైక్రోసెకను, డీజేఎన్‌జెడ్‌ (ఒకటి తగ్గించి, సున్నా కాకపోతే వెనక్కి తిప్పే ఆజ్ఞ)కి రెండు సైకిళ్లు, కాబట్టి 250 సార్లు తిరిగితే 500 మైక్రోసెకన్లు. ఈ లెక్క డిలే పెట్టె పక్కనే రాయించేవాడిని. మీ బాబాయి కొడుకు కూడా ‘ఒక నిమిషం ఆగు’ పక్కన ఆ అంకె ఎన్ని బిట్లలో పడుతుందో రాసుకుని ఉంటే రెండో బోర్డు కొనేవాడు కాదు.

ఇక షనైడర్‌మన్ మాట. ఆయనే 1973లో ఐజాక్ నాసీతో కలిసి బాణాలు లేని పెట్టెల పద్ధతి తెచ్చారు, అంటే బొమ్మలకి విరోధి కాదు. తర్వాత 1989లో డేవిడ్ స్కాన్లన్ స్ట్రక్చర్డ్ ఫ్లోచార్టులనీ సూడోకోడ్‌నీ పోల్చి చూస్తే, ఫ్లోచార్ట్ చూసిన విద్యార్థులే తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో అర్థం చేసుకున్నారని తేలింది. ఏ బొమ్మ, ఎంత వివరంగా, ఎవరికి అన్నది చూడకుండా మొత్తంగా కొట్టేయకూడదు.

ఆదివారం మాస్టారూ, మీ పాప అడిగినదానికి జవాబు ఆ కాగితం మీదే ఉంది. గీశారు గానీ ఎవరూ నడిపించలేదు. ఒకరిని చిప్‌గా కూర్చోబెట్టండి, ఇంకొకరిని స్విచ్ నొక్కే వేలుగా. వేలు నొక్కి పట్టుకునే ఉంటుంది. చిప్ బాణం వెంట వేలు పెట్టి తిరుగుతూ డైమండ్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ‘నొక్కారా?’ అని అడగాలి. అవును, లైటు మార్చు. మళ్లీ అవును, మళ్లీ మార్చు. నాలుగు చుట్లు తిరిగేసరికి పిల్లలే అరుస్తారు. మనం నొక్కి వదిలే లోపు చిప్ వేల సార్లు తిరుగుతుంది, చివరికి లైటు ఏ స్థితిలో ఆగుతుందో అదృష్టం. ‘ఇందాక నొక్కి లేదు, ఇప్పుడు నొక్కారు’ అని అడగాలి, అంటే ఇందాకటి స్థితి గుర్తు పెట్టుకోవడానికి ఇంకో పెట్టె కావాలి.

ఫర్మ్‌వేర్_తమ్ముడు

సర్, ఆ ఆట బాగుంది, నేనూ ఎవరికైనా నేర్పితే వాడతాను. కానీ ఆ పెట్టె చేర్చాక కూడా లైటు అప్పుడప్పుడూ తప్పుతుంది. స్విచ్ లోపలి లోహం రేకులు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తగులుతాయి, చిప్ దాన్ని నాలుగైదు నొక్కుళ్లుగా చూస్తుంది. కాగితం మీద వేలు వేసే పిల్లాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? బోర్డు చెప్తేనే తెలుస్తుంది. నేననేది అదే, బోర్డు ముందు.

తెలుగు_మీడియం_టీచరమ్మ

మీరిద్దరూ ఫ్లోచార్ట్ దగ్గరే ఉన్నారు, సూడోకోడ్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ప్రభుత్వ బడి పిల్లలకి నేను నేర్పాను. నా దృష్టిలో ముందు సూడోకోడే, అది కూడా తెలుగులో.

ప్రోగ్రాంలో షరతు చెప్పే ఇఫ్ వాళ్లకి కష్టం కాదు. ‘నీళ్లు తగ్గితే మోటారు వెయ్యి, లేకపోతే ఆపు’ అని మన మాటే షరతుతో మొదలవుతుంది. తగువంతా వైల్ దగ్గర, అంటే షరతు నిజమైనంతసేపు పని నడిపే మాట దగ్గర. మనం ఇంట్లో ఏమంటాం? ‘ట్యాంకు నిండే వరకు మోటారు నడవాలి’ అంటాం. పిల్లలు దాన్ని అలాగే తీసుకెళ్లి వైల్ బ్రాకెట్లో ‘నిండింది’ అని రాస్తారు. నిండని ట్యాంకుకి మోటారు అసలు తిరగదు, నిండిన ట్యాంకుకి ఆగదు. ఒక్క ఏడాదిలో ఎంత మంది ఇదే తప్పు చేశారో చూసి, తప్పు పిల్లలది కాదు, మాటది అని అర్థమైంది. ‘వరకు’ అనేది ఆగే షరతు చెప్తుంది, వైల్ నడిచే షరతు అడుగుతుంది. అందుకని మా క్లాసులో ‘వరకు’ మానేసి ‘అంతసేపు’ అనే రాయిస్తాను. ‘ట్యాంకు నిండనంతసేపు మోటారు నడవనివ్వు.’ ఈ వాక్యాన్ని సీ భాషలోకి మారిస్తే వైల్, ఆశ్చర్యార్థకం (‘కాదు’ అనే గుర్తు), నిండింది. మాటకి మాట సరిపోతుంది.

ఇంగ్లిష్‌లో సూడోకోడ్ రాయిస్తే ఈ తప్పు బయటపడదు. ఎందుకంటే వాళ్లు అర్థం చేసుకుని రాయరు, పుస్తకంలో చూసింది చూసినట్టు దింపుతారు. తెలుగులో రాసినప్పుడే వాళ్ల బుర్రలో ఏముందో నాకు కనబడుతుంది. కీవర్డులు ఇంగ్లిష్‌లోనే నేర్చుకోవాలి కదా అని అడుగుతారు, నేర్చుకుంటారు. అవి ముప్పై, నలభై మాటలు.

విద్యార్థి_2వ_ఏడాది

అసలు కాగితం ఎందుకండీ, సిమ్యులేటర్లు (కంప్యూటర్ తెర మీదే బోర్డుని నడిపించి చూపే ప్రోగ్రాములు) ఉన్నాయి కదా. టింకర్‌క్యాడ్, వోక్వీ రెండూ ఊరికే వస్తాయి, బోర్డు కూడా కాలదు.

బోరు_మోటారు_అన్న (ఖమ్మం జిల్లా)

సిమ్యులేటర్‌లో నీళ్లు అలలు కొట్టవు తమ్ముడూ. నేను చదువుకున్నవాడిని కాదు, మోటార్లు, స్టార్టర్లు బాగు చేస్తాను. ఆటోమేటిక్ ట్యాంకు పెట్టెలు బయట కొనే బదులు సొంతంగా చేద్దామని ఆర్డునో నేర్చుకున్నాను. నేను నేర్చుకున్న తీరు చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

మొదట ఫ్లోచార్టే గీశాను. ఒకే డైమండ్, ‘నీళ్లు తక్కువున్నాయా?’ అవునంటే మోటారు ఆన్, కాదంటే ఆఫ్. ట్యాంకులో పైన ఒక తీగ పెట్టాను. పైపు నుంచి నీళ్లు పడుతుంటే పైన అలలు, తీగ తడుస్తుంది, ఆరుతుంది, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) టకటకా కొట్టుకుంది. ఇంకో నిమిషం వదిలేస్తే కాంటాక్టులు మాడిపోయేవి. అప్పుడు కింద ఒక తీగ, పైన ఒక తీగ పెట్టాలని తెలిసింది.

రెండు తీగలకి ఫ్లోచార్ట్ గీయబోతే డైమండ్ల మీద డైమండ్లు వచ్చి నాకే తికమకైంది. దాన్ని పక్కన పెట్టి పట్టిక వేశాను. రెండు తీగలు, తడి లేదా పొడి, మొత్తం నాలుగు వరసలు. రెండూ పొడి అయితే మోటారు వెయ్యి. రెండూ తడి అయితే ఆపు. కిందది తడి, పైది పొడి అయితే ఇప్పుడెలా ఉందో అలాగే ఉంచు. ఈ వరస నా ఫ్లోచార్ట్‌లో లేనే లేదు, పని మొత్తం నడిచేది దీని మీదే. నాలుగో వరస ఇంకా విచిత్రం, కిందది పొడి, పైది తడి. అలా ఎలా అవుతుంది? అవ్వదు. అయ్యిందంటే తీగ తెగింది, కాబట్టి మోటారు ఆపు. పట్టిక వేయకపోతే ఈ ఆలోచన నాకు వచ్చేది కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ‘ఇప్పుడెలా ఉందో’ అన్నది చిప్‌కి గుర్తుండదు, అప్పుడు ఆఫ్‌లోనే మొదలవ్వాలని దాని కింద ఇంకో వాక్యం రాసుకున్నాను.

అంతా రాసుకున్నా బోర్డు ఇంకోటి నేర్పింది. నా రిలే మాడ్యూల్ (చిప్ మాట ప్రకారం కరెంటు కలిపే స్విచ్) పిన్ ‘లో’ (0 వోల్టులు) అయితే పడుతుంది, ‘హై’ (5 వోల్టులు) అయితే వదులుతుంది, ఇలాంటివి చాలా ఉంటాయి. పిన్‌ని అవుట్‌పుట్ చేయగానే అది ‘లో’ దగ్గర మొదలై, కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటారు ఒకసారి ఎగిరేది. ముందు హై రాసి ఆ తర్వాత అవుట్‌పుట్ చేస్తే ఆగింది. కాబట్టి కాగితమా బోర్డా అంటే నేనొక పక్క చెప్పలేను, కానీ బోర్డు చూపించిన ప్రతి తప్పు తర్వాతా నేను మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాను.

రిటైర్డ్_లెక్చరర్

బాబూ, నువ్వు వేసింది స్టేట్ టేబుల్. మేము దాన్ని చివరి సంవత్సరం దాకా చెప్పేవాళ్లం కాదు, ఇప్పుడు నీ పోస్ట్ చదివాక అది తప్పేమో అనిపిస్తోంది.

ఆదివారం_క్లాస్ (కరీంనగర్)

అందరికీ ధన్యవాదాలు, నా స్నేహితుడికి కూడా ఇదంతా చదివి వినిపించాను. ఈ ఆదివారం మొదటి అరగంట బోర్డు, ఎల్ఈడీ వెలిగించి ఆర్పడం, వేగం మార్చుకోవడం. తర్వాత బోర్డులు పక్కన పెట్టి మాస్టారు చెప్పిన చిప్-వేలు ఆట. వాళ్లు కనిపెట్టాక మళ్లీ బోర్డు, స్విచ్ ఎగరడం అప్పుడు చూపిస్తాను. మూడు వారాల కాగితం కుదరదని తను ఒప్పుకున్నాడు, బోర్డు తెరిచే ముందు ప్రతిసారీ తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలని నేను ఒప్పుకున్నాను.

ఆ పై వారం ట్యాంకు చేయిస్తాను. ఇంటి కరెంటు దగ్గరికి పిల్లల్ని పోనివ్వను. బకెట్లో నీళ్లు, రెండు తీగలు, మోటారు బదులు ఎల్ఈడీ. నాలుగు వరసల పట్టిక వాళ్లే నింపాలి, నాలుగో వరస ఏమిటో నేను చెప్పను.

ఫర్మ్‌వేర్_తమ్ముడు

అన్నా, బకెట్ అంటున్నారు కాబట్టి ఒక మాట. తీగలకి 5 వోల్టులు ఎప్పుడూ ఇచ్చి ఉంచకండి, డీసీకి కొన్ని రోజుల్లో తీగ తినేసి పచ్చగా అయిపోతుంది. ఒక పిన్ నుంచి చదివే క్షణంలో మాత్రమే ఇచ్చి వెంటనే తీసేయండి. తడి, పొడి అని డిజిటల్‌గా కాకుండా అనలాగ్ పిన్ మీద చదవండి, 0 నుంచి 1023 మధ్య అంకె వస్తుంది. మీ బోరు నీళ్లకి ఎంత వస్తుందో, మునిసిపల్ నీళ్లకి ఎంతో, తీగ పైకి తీస్తే ఎంతో, బోర్డు పంపే అంకెలు కంప్యూటర్ మీద చూపించే సీరియల్ మానిటర్‌లో చూసి పిల్లలే రాసుకోనివ్వండి. ఏ అంకె దాటితే తడి అనాలో వాళ్లే తేల్చి, దాన్ని పట్టికలో ‘తడి’ పక్కన రాస్తారు.