కుడి చెయ్యీ కుడి కాలూ ఒకదాన్నొకటి ఎందుకు లాగుతాయి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా పాటూరు, చేనేత ఊరు. అమ్మ దగ్గర గుంట మగ్గం నేర్చుకుంటున్నా. కాలు పలక తొక్కడం, చెయ్యి నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) ఆడించడం ఒకే లయలో పడితేనే నేత సాగుతుంది. అమ్మ పక్కింటివాళ్లతో మాట్లాడుతూనే నేసేస్తుంది. నాకేమో కాలు మారగానే చెయ్యి ఆగిపోతోంది.

ఒకటి చేసి చూడండి. కూర్చుని కుడి పాదాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ, కుడి చేత్తో గాల్లో 6 అంకె రాయండి. చాలామందికి పాదం వెనక్కి తిరిగిపోతుంది. అదే ఎడమ చేత్తో రాస్తే కాస్త తేలిక.

కుడి చేతినీ కుడి కాలినీ ప్రధానంగా నడిపేది మెదడు ఎడమ సగమే అని చదివాను. కానీ అందులో కాలి చోటు నడినెత్తి కింద లోపలివైపు, చేతి చోటు పక్కన, విడివిడిగానే ఉన్నాయి కదా! మరి ఈ పెనుగులాట ఎక్కడ జరుగుతోంది? కదలికను ముందుగా అల్లుకునే చోటా, సమయం సరిచూసే చిన్న మెదడులోనా, వెన్నుపాములోనా? పైగా కాలికి దారి పొడుగు. రెండూ ఒకేసారి కదలాలంటే మెదడు కాలికి కబురు ముందే పంపుతుందా?

నాడీశాస్త్రం చదివినవాళ్లు, డ్రమ్స్ వాయించేవాళ్లు, నేసేవాళ్లు ఎవరైనా చెప్పండి. కాలిని విడిగా సాధన చెయ్యాలా, మొదటినుంచీ రెండూ కలిపి నెమ్మదిగా చెయ్యాలా?