నేపాల్ మిషన్ ట్రిప్ చివరి రోజు నాగర్‌కోట్ వెళ్లడం తప్పా, కాదా?

సికింద్రాబాద్ సిస్టర్: అందరికీ వందనాలు. వేసవి సెలవుల్లో మా సంఘం యూత్ 14 మంది నేపాల్ వెళ్లొచ్చారు. రక్సౌల్ దాకా రైలు, అక్కడ సరిహద్దు దాటి బస్సు. ఖాట్మండు దగ్గర ఒక ఊళ్లో చిన్న సంఘంతో ఆరు రోజులు ఉన్నారు. చివరి రోజు శనివారం. ఆ రోజు వ్యాన్ మాట్లాడుకుని నాగర్‌కోట్‌లో సూర్యోదయం, తర్వాత భక్తపూర్, సాయంత్రం థామెల్‌లో షాపింగ్. అక్కడ సంఘాలు ఆరాధనకు కూడేదే శనివారం. మన పిల్లలు వస్తారని వాళ్లు భోజనం వండి మధ్యాహ్నం దాకా చూశారట. నాకు మనసు ఒప్పడం లేదు.

వాక్యమే ప్రామాణికం: శనివారం ఆరాధన ఏంటి సిస్టర్? అపొస్తలుల కార్యములు 20:7 చూడండి. రొట్టె విరిచింది ఆదివారం.

సికింద్రాబాద్ సిస్టర్: అది సిద్ధాంతం కాదు బ్రదర్. ఆ దేశంలో వారపు సెలవు శనివారం, అందుకే. 2015 ఏప్రిల్ 25 భూకంపం శనివారం మధ్యాహ్నానికి కాస్త ముందు వచ్చింది. ఎంతోమంది విశ్వాసులు ఆరాధనలోనే ఉన్నారు.

వాక్యమే ప్రామాణికం: సెలవును బట్టి ఆరాధన దినం మారుతుందా? దీనికి జవాబు చెప్పండి ముందు.

యూత్ లీడర్: పిల్లల్ని తీసుకెళ్లింది నేనే. ఐదు రోజులు ఇసుక మోశారు, గోడ కట్టారు, చేతులు బొబ్బలెక్కాయి. ఒక్క రోజు కొండలు చూస్తే పాపమా? ఇంకో విషయం. 2018 నుంచి అక్కడ అమల్లో ఉన్న చట్టంలో మతం మార్పించారని తేలితే ఐదేళ్ల దాకా జైలు. బయటి దేశం వాళ్లం 14 మందిమి ఆరాధనలో కూర్చుంటే ఇబ్బంది ఎవరికి? మేం మర్నాడు బస్సెక్కేస్తాం. ఆ ఊళ్లో ఉండాల్సింది వాళ్లు.

సికింద్రాబాద్ సిస్టర్: అంత భయముంటే ఐదు రోజులు అదే ఊళ్లో ఎలా ఉన్నారు తమ్ముడూ?

కోశాధికారి: వ్యాన్‌కి 8,000 అయిందని విన్నాను. కానుక డబ్బేనా?

యూత్ లీడర్: నేపాలీ రూపాయలండీ. మన 100కి అక్కడ 160. మన లెక్కలో 5,000.

కోశాధికారి: 5,000 అయినా సంఘం డబ్బే కదా. బిల్లు ఉందా?

సికింద్రాబాద్ సిస్టర్: నేను మిషన్ మీద బట్టలు కుట్టి 3,000 ఇచ్చాను. మా అమ్మాయి పేరు మాత్రం చివర్లో తీసేశారు. సీట్లు లేవన్నారు.

యూత్ లీడర్: అదీ సంగతి. అక్కా, మీ కోపం నాగర్‌కోట్ మీద కాదు.

సికింద్రాబాద్ సిస్టర్: అవును, ఆ బాధ కూడా ఉంది, దాచుకోను. అంతమాత్రాన వండిన అన్నం చల్లారిపోలేదా?

యూత్ లీడర్: సరే, ఉన్నమాట చెప్తాను. గోడ కట్టడానికి నేపాల్‌లో మేస్త్రీలు లేరా? ఈ ట్రిప్ మన పిల్లల కోసం. ఇంటర్ అయ్యాక సగం మంది చర్చికి రావడం మానేస్తున్నారు. కలిసి కష్టపడి, కలిసి కొండెక్కితే నిలబడతారని నా ఆశ. వచ్చాక ముగ్గురు ప్రార్థన కూటానికి వస్తున్నారు. నాకది చాలు.

సికింద్రాబాద్ సిస్టర్: ఆ ముగ్గురి కోసం నేనూ సంతోషిస్తాను. కానీ కానుక అడిగినప్పుడు 'నేపాల్ సేవ కోసం' అన్నారు. మన పిల్లల కోసం అని చెప్పినా ఇచ్చేదాన్ని. చెప్పి తీసుకోవాల్సింది.

కోశాధికారి: ఇదే నేనూ అడుగుతున్నది.

వాక్యమే ప్రామాణికం: నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

ట్రిప్‌కి వెళ్లిన తమ్ముడు: నేనూ ఆ వ్యాన్‌లో ఉన్నాను. థామెల్ నుంచి తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. వంట చేసిన అక్క 'జయమసీ' అని పలకరించి, పప్పూ అన్నం మళ్లీ వేడి చేసి వడ్డించింది. ఎందుకు రాలేదని ఒక్క మాట అడగలేదు. మాకు ముద్ద దిగలేదు. అన్నా, వాళ్లకు ఇబ్బంది అవుతుందని ఇప్పుడు అంటున్నారు. అక్కడి పాస్టర్ గారు రావద్దన్నారా?

యూత్ లీడర్: లేదు తమ్ముడూ. ఆయన్ని నేను అడగనేలేదు.