అమెరికా అప్లికేషన్లలో సాయం చేయడం సేవా, పిల్లల్ని ఎగుమతి చేయడమా?

బరంపురం మాస్టారు:
రిటైరయ్యాక ఏం తోచక పక్కింటి కుర్రాడి ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నాడో అమెరికా యూనివర్సిటీకి రాసుకునే వ్యాసం) దిద్దాను, అక్కడ మొదలైంది. ఇప్పుడు ఏటా పదిమందిదాకా వస్తున్నారు, పైసా తీసుకోను. మొన్న ఒకమ్మాయికి మార్కుల జాబితాలో 'బెంకట', పాస్‌పోర్టులో 'వెంకట' (ఒడియావాళ్ల నోట వకారం బకారమవుతుందని మనకు తెలుసు, అమెరికావాడికేం తెలుసు). అఫిడవిట్ రాయించి, యూనివర్సిటీకి మెయిల్ పెట్టించి, ఐ-20 (వీసాకి కావలసిన యూనివర్సిటీ కాగితం) చేతికొచ్చేదాకా నాకే నిద్ర లేదు. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూస్తే, ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినా ఇంత తృప్తి లేదనిపించింది. మా బావమరిది మాత్రం ఇది ఎగుమతి వ్యాపారం అంటున్నాడు. మీరేమంటారు?

గంజాం పంతులు:
మాస్టారూ, మీరు అమెరికా వెళ్లారా?

బరంపురం మాస్టారు:
లేదు.

గంజాం పంతులు:
చూడని ఊరికి దారి చెబుతున్నారన్నమాట.

రాయగడ రైలుబండి:
ఫ్రీగా చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారా! మా చెల్లిని పంపమంటారా?

గుణుపురం అక్క:
ఫ్రీ అంటేనే నాకు భయం. మా తమ్ముడికి ఒక కన్సల్టెన్సీవాళ్లు ఫ్రీ అనే చెప్పారు, తర్వాత తెలిసింది కమీషన్ ఇచ్చే కాలేజీలకే అప్లై చేయించారని. ఎస్‌ఓపీ కూడా వాళ్లే రాసిచ్చారు, వీడు దాన్ని పూర్తిగా చదవను కూడా లేదు. హైదరాబాద్ కాన్సులేట్‌లో రెండు ప్రశ్నలడిగి, వీసా ఇవ్వమంటూ 214(బి) కాగితం చేతిలో పెట్టారు. వీసా ఫీజు 185 డాలర్లు పోయినట్టే. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్, ఆ బోగస్ యూనివర్సిటీలు గుర్తున్నాయా? ఫార్మింగ్టన్‌కి పిల్లల్ని చేర్పించి జైలుకెళ్లిన దళారులూ మన తెలుగువాళ్లే.

బరంపురం మాస్టారు:
అమ్మా, దిద్దడం వేరు, రాసివ్వడం వేరు. నేను ఒక్క వాక్యం కూడా రాయను, 'ఇక్కడ నువ్వు చెప్పదలుచుకున్నదేమిటి' అని మార్జిన్‌లో అడుగుతాను, అంతే. ముందు అమెరికా ప్రభుత్వం నడిపే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సైటు చదివి రమ్మంటాను, అదీ ఉచితమే. కిందటేడు ఒక కుర్రాడి తండ్రి పొలం అమ్ముతానంటే వద్దని నేనే వెనక్కి పంపాను.

గంజాం పంతులు:
అదంతా సరే. వెళ్లలేదు కదా?

బరంపురం మాస్టారు:
ఎన్నిసార్లు చెప్పాలయ్యా! వెళ్లలేదు! పురోహితుడు పెళ్లి చేయించాలంటే వరుడి పీటమీద కూర్చోవాలా?

జయపురం జీడిపప్పు:
😂😂

గంజాం పంతులు:
నవ్వండి. మాది ఒడిశాలో తెలుగు బడి, ఈ ఏడు ఒకటో తరగతిలో ముగ్గురే చేరారు. మూసేస్తారేమోనని పెద్దల్ని పిలిచి మీటింగ్ పెట్టాం. మాస్టారికి రెండుసార్లు ఫోన్ చేశాను, గంట ప్రయాణం. రెండుసార్లూ ఎవరికో మాక్ ఇంటర్వ్యూ ఉందన్నారు. అమెరికా వెళ్లారా అని ఊరికే అడగలేదు, పక్క ఊళ్లో బడికి రాలేని మనిషి!

బరంపురం మాస్టారు:
ఓహో, నువ్వా. సరే, నేనూ దాపరికం లేకుండా చెబుతాను. ఆ బడిలో చదివితే పిల్లలకి ఏమొస్తుంది? ఇక్కడ మనం తెలుగువాళ్లం. ఇచ్ఛాపురం దాటితే, ఒడిశాలో చదివాం కాబట్టి నాన్‌లోకల్. మా అబ్బాయికి ఆంధ్రాలో సీటు అలాగే పోయింది. అమెరికాలో అయితే నువ్వు లోకలా అని ఎవడూ అడగడు.

గుణుపురం అక్క:
లాటరీ మాత్రం తీస్తారు లెండి, అక్కడ ఉద్యోగం చేసే హెచ్1బీ వీసాకి.

గంజాం పంతులు:
1936లో ఒడిశాని వేరు చేసి గీత గీశారు, అయినా ఇన్నేళ్లూ ఉన్నాం కాబట్టే ఇక్కడ తెలుగు వినబడుతోంది. అర్జీ ఇంగ్లీషులో రాయగలిగినవాడు, కలెక్టర్ ముందు నిలబడి మాట్లాడగలిగినవాడు ఊరికొకడుంటే గొప్ప. వాళ్లనే మీరు ఏరి విమానం ఎక్కిస్తున్నారు. ఇక మా బడి అర్జీ ఎవరు రాస్తారు?

రాయగడ రైలుబండి:
మా చెల్లి సంగతి ఎవరూ చెప్పలేదు.

బరంపురం మాస్టారు:
అర్జీ నేను రాస్తాను. ఈ ఆదివారం వస్తాను, పొద్దున ఒక కుర్రాడి ఇంటర్వ్యూ ప్రాక్టీసు అయ్యాక.

గంజాం పంతులు:
ఆదివారం బడికి సెలవు మాస్టారూ.