రాత్రి మాట, గాలివాటు: నిన్నటి శ్లోకం మీద నాలుగు ముక్కలు

నిన్న గ్రూపులో వచ్చిన "దివా నిరీక్ష్య వక్తవ్యం, రాత్రౌ నైవ చ నైవ చ" గురించి నాకు తోచింది రాస్తున్నాను. పగలు అటూ ఇటూ చూసుకుని మాట్లాడు, రాత్రి అసలే వద్దు. ఎందుకో తర్వాతి సగంలోనే ఉంది: మహా ధూర్తులు తిరుగుతుంటారట, కథలో మర్రి దగ్గర చాటుగా మాటలు విన్న పండితుడు వరరుచిలాగా. చీకట్లో పొంచి వినేవాడు కనపడడు, అంతే సంగతి. "రాత్రి మాట దూరం పోతుందనే ఈ శ్లోకం, మనవాళ్లకు ధ్వనిశాస్త్రం అప్పుడే తెలుసు" అని గ్రూపులో రాసిన అన్నగారూ, శ్లోకానికి లేని గొప్ప తగిలించడం దేనికండీ?

రాత్రి మాట దూరం పోతుందన్నది మాత్రం నిజమే. అయితే చల్లగాలిలో శబ్దం వేగం పెరిగి కాదు, తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు పోయే శబ్దం, మన మే నెల 40 డిగ్రీల ఎండలో దాదాపు 355 మీటర్లు పోతుంది. ఇక్కడ చూడాల్సింది అది పోయే దారి. పగలు నేల కాగి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలికన్నా వేడెక్కుతుంది. శబ్దం కింద జోరుగా, పైన నెమ్మదిగా నడిచేసరికి దారి నెమ్మదైన వైపుకు, అంటే పైకి వంగి, దూరాన ఉన్నవాడి నెత్తి మీదుగా వెళ్లిపోతుంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. కింద చల్లన, పైన వెచ్చన. అప్పుడు పైకి పోయే శబ్దం కూడా నేలకు వంగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాద్ తార్నాకలో మా డాబా మీదికి మౌలాలి వైపు రైలు కూత స్పష్టంగా వస్తుంది. మే మధ్యాహ్నం ఆ ఊసే ఉండదు. ట్రాఫిక్ రొద లేకపోవడమూ ఒక కారణమే లెండి.

"మరి గాలివాటున పాట వినిపించింది అంటాం కదా, గాలి మోసుకొస్తుందా?" అని ఒకరు అడిగారు. అదీ వంపు పనే. చెట్లకూ ఇళ్లకూ తగిలి నేల దగ్గర గాలి నెమ్మదిస్తుంది, పైన జోరుగా ఉంటుంది. అందుకని గాలి వీచే వైపు పోయే శబ్దం కిందికి వంగుతుంది, ఎదురెళ్లేది పైకి లేస్తుంది. లేకపోతే సెకనుకు ఐదారు మీటర్ల గాలి, 340 మీటర్ల వేగానికి చేసే సాయం ఎంతని!

గోల్కొండ చప్పట్లను మాత్రం ఇందులోకి లాగకండి. కోట ద్వారం దగ్గరి గుమ్మటం కింద కొడితే కోట పైభాగమైన బాలా హిస్సార్‌లో వినపడటం కట్టడం చలవ. టూరిస్టులు పట్టపగలే కొట్టి వింటున్నారు.