1930ల మాంద్యం: రూజ్‌వెల్ట్ పెంచిన ప్రభుత్వం అమెరికాను నిలబెట్టిందా?

కృష్ణాతీరం:
మాంద్యం నుంచి గట్టెక్కడానికి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తెచ్చిన పథకాల మూట న్యూ డీల్. దాన్ని పొగడని పుస్తకం లేదు. లెక్క చూడండి. 1933లో నలుగురిలో ఒకరికి పని లేదు. ఏడేళ్లు ఖర్చు పెట్టాక, 1940లో కూడా నిరుద్యోగం సుమారు 15 శాతం. యుద్ధం వచ్చాకే అందరికీ పని దొరికింది. మరి పెరిగింది ఆఫీసులే కదా?

డాలస్ వాసి:
ఆ 15 శాతంలో ఒక తిరకాసు ఉందండీ. పని లేనివాళ్లకు ప్రభుత్వమే పని ఇచ్చిన డబ్ల్యూపీఏ పథకం కింద రోడ్లు, బడులు కట్టి కూలి తీసుకుంటున్నవాళ్లను కూడా నిరుద్యోగులుగానే రాశారు. వాళ్లను తీసేస్తే 10 శాతం లోపే. 1937లో ఖర్చు తగ్గించగానే మాంద్యం మళ్లీ తిరగబెట్టింది కూడా. ఇక్కడ నా ప్రతి పే స్లిప్‌లోనూ సోషల్ సెక్యూరిటీ, అంటే ముసలితనపు పింఛను కోసం కోత కనిపిస్తుంది. అది 1935 చట్టం. బ్యాంకు మునిగినా డిపాజిట్ పోదన్న ధీమా 1933 నాటిది. వీటిని ఒట్టి ఆఫీసులు అనగలమా?

కౌలు రైతు మనవడు:
ఆ 1935 చట్టంలో పొలం కూలీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు లేరు అన్నా. వాళ్లను చేర్చడానికి 1950లు రావాల్సొచ్చింది. దక్షిణాది నల్లవాళ్లలో ఎక్కువమంది చేసే పనులే అవి.

పత్తి సంగతి వినండి. ధర పెరగాలని 1933 వేసవిలో సుమారు కోటి ఎకరాల్లో ఎదిగిన పత్తిని దున్నించారు. మొక్క తొక్కకూడదని అలవాటు పడ్డ కంచరగాడిదలు మొక్కల సాలు మీదికి రామని మొండికేశాయట. పరిహారం చెక్కు మాత్రం భూయజమాని పేరిట. పాలికి చేసేవాడికి వాటా ఇవ్వాల్సి ఉన్నా, పాత బాకీ కింద జమేసుకున్న ఆసాములు ఎందరో. సాగు తగ్గాక పాలికి చేసేవాళ్లతో పనేముంది? కుటుంబాలకు కుటుంబాలనే వెళ్లగొట్టారు. తెలంగాణలో రైతుబంధు ఉన్న రోజుల్లో ఆ డబ్బు పట్టాదారుకు పడుతుంటే కౌలుకు దున్నినవాడు చూస్తూ నిలబడటం మనం ఎరిగినదే, అందుకే ఇది చదివితే నాకు కడుపు రగిలిపోతుంది. ప్రభుత్వం పెరగాలి, నేనూ అదే అంటాను. కానీ దాని సాయం కాగితం మీద పేరున్నవాడి దగ్గరే ఆగిపోయింది.

కృష్ణాతీరం:
డబ్ల్యూపీఏ లెక్క నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయితే తమ్ముడూ, ఆ కౌలుదారులు ఊరుకున్నారా?

కౌలు రైతు మనవడు:
లేదన్నా. 1934లో అర్కాన్సాలోని టైరంజాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి సంఘం పెట్టుకున్నారు. కొట్టినా, కాల్చినా నిలబడ్డారు. కౌలుదార్లు భూమి కొనుక్కోవడానికి అప్పులిచ్చే చట్టం 1937లో వచ్చింది. అప్పటికే చాలామంది ఊళ్లొదిలి పోయారు.