ఫైబర్ కలిపితే స్లాబులో ఇనుము తగ్గించొచ్చా?

కొత్తిల్లు_ఖమ్మం:
వచ్చే వారం మా స్లాబు. మందం 5 అంగుళాలు. డ్రాయింగ్‌లో 8 ఎంఎం రాడ్లు రెండు వైపులా 5 అంగుళాలకు ఒకటి ఉంది. సిమెంటు బస్తాకి 125 గ్రాముల ఫైబర్ ప్యాకెట్ వేస్తే 8 అంగుళాల గ్యాప్ చాలంటున్నాడు కాంట్రాక్టర్. నమ్మొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

సైట్_ఇంజనీర్:
వద్దు సార్. ఆ ప్యాకెట్లో ఉండేది పాలీప్రొపిలీన్, వెంట్రుక కంటే సన్నటి ప్లాస్టిక్ పోగు. పోసిన మొదటి కొన్ని గంటల్లో ఎండకి పైతడి ఆరిపోయి వచ్చే సన్న పగుళ్లను ఆపుతుంది. ఆ పని బాగానే చేస్తుంది. తర్వాత బరువు మోసేది ఇనుమే. లెక్క చూడండి: క్యూబిక్ మీటరుకి 8 బస్తాలు వేసినా ఫైబర్ ఒక్క కిలో. మీ డ్రాయింగ్ ప్రకారం అందులో పడే ఇనుము దాదాపు 50 కిలోలు.

గోడౌన్_ఫ్లోరింగ్:
అన్నా, ఫైబర్ అంటే ఆ ప్యాకెట్ ఒక్కటేనా? మేం చివర్లు వంచిన స్టీల్ ఫైబర్ క్యూబిక్ మీటరుకి 25, 30 కిలోలు వేసి గోడౌన్ ఫ్లోర్లు పోస్తాం. మెష్ (ఇనుప జాలి) వేయం. వాటి మీద ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతున్నాయి. లండన్‌లో క్రాస్‌రైల్ అనే రైలు మార్గం సొరంగాలకి రింగులా పేర్చే కాంక్రీటు ముక్కల్లో (సెగ్మెంట్లలో) కూడా స్టీల్ ఫైబరే వాడారు. మంటలొస్తే తట్టుకోవడానికి పాలీప్రొపిలీన్ కూడా కలిపారు. 160 డిగ్రీల దగ్గర అది కరిగిపోయి, లోపలి ఆవిరి బయటికి పోయే దారి ఇస్తుంది, కాంక్రీటు పెచ్చులుగా పేలదు. రాడ్డు తప్ప దిక్కు లేదనడం సరికాదు.

సైట్_ఇంజనీర్:
సొరంగం రింగుని చుట్టూ మట్టి నొక్కుతూ ఉంటుంది, నొక్కుడుకి కాంక్రీటు గట్టిది. గోడౌన్ ఫ్లోరు కింద నేల ఉంది. ఇంటి స్లాబు కింద ఏముంది? ఖాళీ. గది మధ్యలో లాగుడంతా స్లాబు అడుగున ఉంటుంది, రాడ్డు సరిగ్గా అక్కడ, ఆ దిశలోనే కడతాం. ఫైబర్ అన్ని దిక్కులా చెదిరిపోతుంది. అడ్డం తిరిగినవీ, పైన ఉండిపోయినవీ అక్కరకు రావు. నేలమీద ఫ్లోరుకి మాత్రం మీ మాట ఒప్పుకుంటాను. మెష్‌ని కూలీలు తొక్కితే అడుక్కి దిగిపోతుంది, అక్కడ అది ఎందుకూ పనికిరాదు.

మేస్త్రి_గారబ్బాయి:
మా తాతగారు మట్టిగోడలకి వరిగడ్డి తొక్కించి కలిపేవారు. ఎండితే గోడ నెర్రెలివ్వదని. కప్పు బరువు మాత్రం దూలమే మోసేది.

ఇంకో మాట. మా మేడమీద స్లాబుకి ప్యాకెట్లన్నీ ఒకేసారి మిల్లర్లో కుమ్మరించారు. పోగులు ఉండలు కట్టాయి, మాలు బిగుసుకుంది. పారకి లొంగడం లేదని కుర్రాడు బకెట్ నీళ్లు గుమ్మరించేశాడు. నీళ్లు ఎక్కువైతే బలం పోయినట్టే. కొంచెం కొంచెంగా చల్లించండి, దగ్గరుండి చూసుకోండి.

కొత్తిల్లు_ఖమ్మం:
అందరికీ థాంక్స్. గ్యాప్ 5 అంగుళాలే అని కాంట్రాక్టర్‌కి చెప్పేశాను. ఎండలు కదా, ప్యాకెట్లు కూడా వేయిస్తాను. మాలు పోసే ముందు టేపు పట్టి నేనే కొలుస్తాను. గోడౌన్ అన్నా, కింద పార్కింగ్ ఫ్లోరుకి మెష్ బదులు మీ స్టీల్ ఫైబర్ వేస్తే మందం ఎంత ఉండాలి?