జపనీస్ మాట 'ఉక్కరి' అంటే పొరపాటునా, ఏమరుపాటునా?

ప్రశ్న: నేను టోక్యోలో ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. మొన్న ఒక క్లయింటుకు పంపిన మెయిల్‌కు ఫైలు జతచేయడం మరచిపోయి, వెంటనే మరో మెయిల్‌లో 'ఉక్కరి వసురెతె షిమైమషిత' అని రాసి క్షమాపణ చెప్పుకున్నాను. 'పొరపాటున మరచిపోయాను' అన్నది నా ఉద్దేశం. మా పై అధికారి దానిని చూసి, వ్యాకరణంలో తప్పేమీ లేదుగానీ బయటివారికి అలా రాయకపోవడమే మంచిదని అన్నారు, కారణం మాత్రం చెప్పలేదు. నా దగ్గరున్న నిఘంటువులో ఉక్కరి, త్సుయి, ఒమొవజు మూడింటికీ ఇంచుమించు ఒకే అర్థం ఇచ్చారు. వీటి తేడా ఎవరైనా వివరించగలరా?

మొదటి సమాధానం: మీ చిక్కంతా 'పొరపాటున' అన్న తెలుగు మాటతోనే వచ్చిందండీ. ఆ మాట చాలా విశాలమైనది. ఒకటి అనుకొని మరొకటి చేసినా పొరపాటే, తెలియక చేసినా పొరపాటే. ఉక్కరికి అంత వెడల్పు లేదు. మనసు అక్కడ లేనందువల్ల జరిగిన చిన్న తప్పుకే అది చెల్లుతుంది. వానరోజున హోటలు గుమ్మంలో పక్కవారి గొడుగును మనదే అనుకొని తెచ్చుకుంటే సాధారణంగా 'మచిగయెతె' (పొరబడి) అంటారు. మన గొడుగును రైలులో కడ్డీకి తగిలించి, ఫోను చూసుకుంటూ దిగిపోతే అది ఉక్కరి. మొదటి సందర్భంలో ధ్యాస ఉంది కానీ తప్పు వస్తువు మీద ఉంది, రెండో సందర్భంలో ధ్యాసే లేదు. అందుకే 'ఏమరుపాటున' లేదా 'పరాకున' అన్న మాటలే దీనికి దగ్గరగా వస్తాయని నా అభిప్రాయం. రహస్యం బయటపెట్టిన సందర్భమైతే మన 'నోరుజారి' చక్కగా సరిపోతుంది.

త్సుయి సంగతి వేరు. అక్కడ మనకు తెలుసు, కానీ మనసు ఆగదు, లేదా అలవాటు లాక్కుపోతుంది. తీపి మానేశానని అందరికీ చెప్పి కేకు తిన్నవారు 'త్సుయి తబెతె షిమత్త' అంటారు. అదే మనిషి పరగడుపున రక్తపరీక్షకు వెళ్ళవలసిన ఉదయం, ఆ సంగతే గుర్తులేక ఇడ్లీ తినేస్తే 'ఉక్కరి తబెతె షిమత్త' అనాలి. ఈ రెండు వాక్యాలలో ఒక్క మాటే మారింది, కానీ మొదటిది బలహీనతను ఒప్పుకోవడం, రెండోది మరపును ఒప్పుకోవడం. ఒమొవజు అంటే అప్రయత్నంగా, ఆలోచన కన్నా ముందే జరిగిపోయేది. బొద్దింకను చూసి కేక వేయడం వంటిది.

ఇంకొక్క మాట. ఉక్కరి వెంట తరచుగా వచ్చే 'షిమౌ' అన్న సహాయక్రియ (పైన వచ్చిన షిమైమషిత, షిమత్త దాని రూపాలే) మనకు కొత్తేమీ కాదు. 'చెప్పాను' అనడానికీ 'చెప్పేశాను' అనడానికీ, 'మరచాను' అనడానికీ 'మరచిపోయాను' అనడానికీ ఉన్న తేడాను గమనిస్తే, అయిపోయిందే అన్న ఆ విచారం మన సహాయక్రియల్లోనూ వినిపిస్తుంది.

రెండో సమాధానం: మెయిల్ విషయానికి నేను జవాబిస్తాను. ఉక్కరి అన్న మాట 'నా మనసు అక్కడ లేదు' అని తానే చెప్పేస్తుంది కనుక, ఇంట్లోనూ స్నేహితుల మధ్యా ముద్దుగానే ఉంటుంది కానీ, మన పనికి డబ్బు చెల్లించేవారికి రాసినప్పుడు తప్పును తేలికగా తీసుకున్నట్టు వినిపిస్తుంది. అక్కడ 'తెంపు ఒ షిత్సునెన్ షితె ఒరిమషిత' (ఫైలు జతచేయడం మరచాను) అని రాసి, 'మోషివకె గొజైమసెన్' (క్షమించండి) అని ముగించండి. షిత్సునెన్ అంటే మతికి రాకపోవడమే, కానీ మర్యాదగా వంగి చెప్పే మాట. దానిని మన మరపుకే వాడాలి. ఎదుటివారు మరచిపోయారని చెప్పడానికి వాడితే అమర్యాద అవుతుంది. మరచిపోవడం కాక సరిచూడకపోవడమే కారణమైతే 'కకునిన్ బుసొకు' అనండి. మీ జట్టులోని సహోద్యోగి ఎవరైనా తప్పు చూపినప్పుడు 'సుమిమసెన్, ఉక్కరి షితె ఇమషిత' అనడానికి అభ్యంతరం లేదు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక అనుబంధ సందేహం ఉంది. 'సుక్కరి వసురెత' అని కూడా విన్నాను. నేను తప్పుగా విన్నానా?

మొదటి సమాధానకర్త: సరిగానే విన్నారు. సుక్కరి అంటే పూర్తిగా, బొత్తిగా. 'సుక్కరి వసురెత' అన్నది ఎంత మరచిపోయామో చెబుతుంది, 'ఉక్కరి వసురెత' అన్నది ఎలా మరచిపోయామో చెబుతుంది. షిక్కరి, గక్కరి కూడా ఇదే అచ్చులో పోసినట్టు ఉంటాయి: షిక్కరి అంటే గట్టిగా, నిలకడగా; గక్కరి అంటే ఉసూరుమనడం. బాధ్యత గల మనిషిని 'షిక్కరిమొనొ' అనీ, ఎప్పుడూ ఏదో ఒకటి మరచే మనిషిని 'ఉక్కరిమొనొ' అనీ అంటారు. పలకడంలో మాత్రం మనకు ఇబ్బంది లేదు, చుక్క, ముక్క అన్నంత తేలికగా ఆ ద్విత్వం నాలుకకు వస్తుంది.

రెండో సమాధానకర్త: మీరు అక్కడ కారు నడుపుతున్నట్లయితే 'ఉక్కరి షిక్కో' అన్న మాట కూడా తెలిసి ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సును పునరుద్ధరించుకోవడం మరచి గడువు దాటనివ్వడాన్ని అలా అంటారు. చివరి తేదీ మామూలుగా పుట్టినరోజు తరువాత 1 నెలకు వస్తుంది. అది దాటినా 6 నెలల లోపు వెళితే రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష మినహాయించి కొత్త లైసెన్సు ఇస్తారు. ఈ లోగా బండి నడిపితే మాత్రం ఉక్కరి అన్నా ఊరుకోరు, లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క.